తౌంగూ పొలంలో మూడో దీపం

సర్వపిండికి వేలితో చిల్లులు పెడుతుంటే ముందుగదిలోంచి మా ఆయన రామలింగం కేకేశాడు: "ఏమే, కరీముద్దీన్ సాబ్‌కు చాయ్!"

అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. వరంగల్ చౌరస్తాలో మా బట్టల దుకాణం ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి ఆయన స్నేహితులు ఇంటికే వస్తారు. పెళ్లయిన పదహారేళ్లుగా నా ఆదివారాలన్నీ పొయ్యి దగ్గరే. కొత్తలో మా అత్తమ్మ మొగిలమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది: "బర్మాల పుట్టిన పిల్ల, జొన్నరొట్టె కొట్టరాదు." రొట్టె కొట్టడం నెలలో నేర్చుకున్నాను. బర్మాలో ఏం నేర్చుకున్నానో మాత్రం ఎవరూ అడగలేదు.

కరీముద్దీన్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్ల దగ్గర విమానాల మెకానిక్. చాయ్ తీసుకెళ్లేసరికి చేతులు రెక్కల్లా చాపి చెబుతున్నాడు.

"బర్మా జపానోళ్ల కబ్జాల ఉండె. పున్నమి దినాలల్ల మన చిన్న విమానం పోయి గూఢచారులను పొలాలల్ల దించి వచ్చేది. కింద ముగ్గురు దీపాలు పట్టుకొని నిలబడాలె, ఆ గుర్తు మీదనే దిగాలె. ఒకసారి తౌంగూ దగ్గర రైలుకట్ట పక్క పొలంల మూడో దీపం పట్టినోడు జాగ తప్పి నిలబడ్డడు. విమానం కట్టకు తగిలేదే! మా తెల్ల పైలట్‌కు ఎంత గుస్సా వచ్చిందో. ఎవడో బేవకూఫ్."

"జాగ తప్పలే," అన్నాను.

"ఆడోళ్లకు యుద్ధాల సంగతి ఏమెరుక? లోపలికి పో," అన్నాడు మా ఆయన.

నేను కదల్లేదు. ఆ రాత్రి మూడో దీపం పట్టాల్సిన మా అన్నకు జ్వరం. కలప డిపోలో గుమాస్తాగా ఉంటూ గూఢచారులకు రహస్యంగా సాయపడే మా నాయన, వేరే దారిలేక, దీపం నా చేతికిచ్చి చోటు చూపించి తన దీపం దగ్గరికి పోయాడు. జపాను సైనికులు ఊరవతలే ఉన్నారు. పట్టుబడితే అందరికీ చావే. అయినా వెన్నెల్లో నేల చూసి నా అంతట నేనే జరిగాను. పదిహేనేళ్లప్పుడు అంత నిర్ణయం తీసుకున్నదాన్ని, ఈ ఇంట్లో ఏ కూర వండాలో కూడా అడిగి వండుతున్నాను.

"అక్కడ విమానం దిగే దారిల బాంబు పడ్డ గొయ్యి ఉండె," అన్నాను. "విమానం అండ్లనే పడేది. అందుకే ఇరవై అడుగులు ఇవతలికి జరిగిన. ఆ దీపం పట్టింది నేనే."

కరీముద్దీన్ లేచి నిలబడ్డాడు. "చెల్లె! పైలట్‌తోని ముగ్గురుండిరి అండ్ల. నీ వల్లనే బతికిండ్రా?"

మా ఆయన నావైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"మీరెన్నడు అడగలే."

తలుపు దగ్గర అంతా విన్న అత్తమ్మ వచ్చి నా చేతిలోని పళ్లెం తీసుకుంది. "కూసో బిడ్డా. పొయ్యికాడ నేనుంట. గట్టిగ చెప్పు, నాకు లోపలికి ఇనవడాలె."

స్నేహితులు వచ్చినప్పుడు ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. చీర సర్దుకుని, తొందరేమీ లేనట్టు, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.