గాలిమరల కింద గడ్డికోళ్ళు

"ఒక్క పిట్ట కూడా చావలేదు!"

టై సారు నోట ఈ మాట విన్నప్పుడల్లా పిట్టలక్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. టై సారంటే గాలిమరల కంపెనీలో పర్యావరణం సంగతులు చూసే ఆఫీసరు. మోకాళ్ళ దాకా తడిసిపోయే గడ్డిలోకి కూడా మెడకు టై బిగించుకుని దిగుతాడు కాబట్టి ఆ పేరు. పిట్టలక్క పక్షుల సర్వే ఆఫీసులో పనిచేస్తుంది. గడ్డిబయళ్ళ మీద పిట్టల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం అనడం పేరుకే, అదొక పిచ్చి అని ఇంట్లో వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు.

టై సారు చెప్పేది అబద్ధమా అంటే, కాదు. అదే వచ్చిన చిక్కు. గాలిమరల కింద కంపెనీ మనుషులు రోజూ తిరిగి, చచ్చిన పిట్టలు ఏమైనా పడి ఉన్నాయా అని వెతుకుతారు. గడ్డికోడి ఒక్కటీ దొరకలేదు. ఎందుకు దొరుకుతుంది, వాళ్ళ మొహం! గడ్డికోడి ఆ మరల రెక్కలంత ఎత్తుకు ఎగిరితే కదా? నేలను అంటిపెట్టుకుని బతికే పిట్ట అది. చెట్టన్నది లేని బయలు చూసుకుని గుడ్లు పెడుతుంది. ఎత్తుగా ఏదైనా నిలబడి ఉందంటే దానిమీద డేగ వాలుతుందని దానికి పుట్టుకతోనే తెలుసు. అది చెట్టా, స్తంభమా, కంపెనీ వాళ్ళ గాలిమరా అని ఆరా తీయదు. లేచి పోతుంది. ముందు పెట్టలు పోతాయి, గుడ్లు పెట్టుకోవాల్సింది అవే కాబట్టి. చచ్చిన పిట్టయితే కంటికి కనబడుతుంది, లెక్కకు వస్తుంది. పెట్టకుండా పోయిన గుడ్డును ఎవడు లెక్కపెడతాడు?

ఈ మాట పిట్టలక్క ఎన్ని మీటింగుల్లో చెప్పిందో! చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. కానీ పోయినేడాది ఆమె మాట ఆమెకే ఎదురు తిరిగింది. పెద్ద బయలు మీద మొదటి వరుస గాలిమరలు లేచాక సర్వేకు వెళ్తే, తెల్లారగట్ల పొగమంచులో వాటి కిందనుంచే పుంజుల కూతలు వినబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, పూర్వం ఎలా కూసేవో అలాగే. తను అనుకున్నది తప్పయినందుకు ఆమె బాధపడలేదు సరికదా, పొంగిపోయింది. పిట్టలు సర్దుకుపోయాయి, ఇంకేం కావాలి! ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది. ఆ రిపోర్టు చూపించి కంపెనీ రెండో వరుస కట్టేసింది.

ఇప్పుడు మూడో వరుస కట్టాలట. అదీ వాగవతలి బయల్లో. ఆ బయల్లోనే ఇప్పుడు పెట్టలన్నీ గుడ్లు పెడుతున్నాయి. వాటికి ఇంకో చోటంటూ లేదు. గాలిమరల కింద పిట్టలు ఈ ఏడాది కూడా ఉన్నాయని సర్వేలో తేలితే మూడో వరుసకు అడ్డు చెప్పే నాథుడుండడు. లేవని తేలితే వాగవతలి బయలు దక్కుతుంది. మధ్యాహ్నం టౌను హాల్లో విచారణ. పొద్దున సర్వే.

ఆ పొద్దున గుడారంలో ముగ్గురు ముడుచుకుని కూర్చున్నారు. పిట్టలక్క, ఆమె పై ఆఫీసరు ప్రొఫెసరు గారు, కంపెనీ తరఫున టై సారు. బయట పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడడం లేదు. ఇలాంటప్పుడు చూసి లెక్కపెట్టడం కుదరదు, కూతలు విని గుర్తులు పెట్టుకోవడమే. పిట్టలక్క తన ఫోనులో రికార్డు కూడా చేస్తోంది. గుడారంలో కూర్చున్నాక పొద్దు బాగా ఎక్కేదాకా ఎవరూ బయట కాలు పెట్టకూడదన్నది పిట్టలక్క పెట్టిన రూలు. మనిషి నీడ కనబడితే చాలు, పెట్టల్ని పిలవడానికి పుంజులు ఆడే ఆట చెదిరిపోతుంది. ఈ రూలు విషయంలో ఆమె ఎవరినీ లెక్కచేయదు. ఒకసారి టై సారు ఒంటికి పోవాలని గిలగిల్లాడుతుంటే, "ఓర్చుకోండి సార్, నీళ్ళు తక్కువ తాగాల్సింది" అని కూర్చోబెట్టేసింది.

కూతలు మొదలయ్యాయి. గుబ్, గుబ్, గుబ్... గాలిమరల అడుగునుంచే. ఒక పుంజు అందుకుంటే ఇంకొకటి బదులిస్తోంది. ప్రొఫెసరు గారు పెన్సిలుతో టకటకా గుర్తులు పెడుతున్నారు. టై సారు చేతులు కట్టుకుని, తనే కూస్తున్నంత గొప్పగా కూర్చున్నాడు. పిట్టలక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిట్టలున్నందుకు సంతోషం. ఉన్నందుకే వాగవతలి బయలు పోతుందని దిగులు.

అంతలో గడ్డిలోంచి తుమ్ము వినబడింది. అలాంటిలాంటి తుమ్ము కాదు, బండి టైరు పేలినట్టు.

ప్రొఫెసరు గారి పెన్సిలు ఆగిపోయింది. ఆ వెంటనే అదే చోటునుంచి ఒక ఆడగొంతు గుసగుసగా తిట్టింది. "ముక్కు మూసుకోరా దున్నపోతా! పుంజు పారిపోతుంది!"

ప్రొఫెసరు గారు తల తిప్పి పిట్టలక్కను చూశారు. టై సారు కూడా చూశాడు. గొంతు ఆమెదే. నోరు మాత్రం మూసే ఉంది. బయట పుంజులు మళ్ళీ కూస్తున్నాయి, ఏమీ జరగనట్టు.

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. గాలిమరలు రాకముందు తను చేసిన రికార్డింగు అది! అప్పట్లో గుడారం మోయడానికీ, రికార్డరు పట్టుకోవడానికీ తమ్ముడు వెంట వచ్చేవాడు. వాడికి గడ్డి పుప్పొడి పడదు. బయల్లోకి దిగాడంటే తుమ్ములే తుమ్ములు. అక్క తిట్లే తిట్లు. ఆ తమ్ముడికే కంపెనీలో మెకానిక్కు ఉద్యోగం ఇప్పించింది తనే, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి. వాడిప్పుడు గాలిమరలు ఎక్కి గ్రీజు పెడతాడు.

గుడారం గుడ్డ ఎత్తి బయటికి అడుగు వేసింది.

"మేడం! రూలు!" టై సారు గాభరాపడ్డాడు. "ఇంకా పొద్దెక్కలేదు! మీ రూలే కదా మేడం!"

"రూలు పిట్టల కోసం సార్. స్పీకర్ల కోసం కాదు!"

కూత వినబడే వైపు విసవిసా నడిచింది. గాలిమర మొదట్లో పచ్చ టార్పాలిను కింద స్పీకరు దొరికింది. దాని వైరు గాలిమర తలుపు సందులోంచి లోపలికి పోయింది. కాలెత్తి తన్నబోయి ఆగింది. స్పీకరు ముందు నిజం పుంజు ఒకటి ఉంది.

ముసలిది. మెడ ఈకలు సగం రాలిపోయాయి. ఏళ్ళ తరబడి ఆడిన చోటు వదల్లేక మిగిలిపోయినట్టుంది. స్పీకరును ఇంకో పుంజనుకుని దాని చుట్టూ తిరుగుతోంది, మెడ ఉబ్బించి, కాళ్ళు నేలకు దడదడా కొట్టి. మంచు పలచబడి ఎండ పొడ వచ్చింది. పైన గాలిమర రెక్క తిరిగింది. దాని నీడ గడ్డిమీదుగా జారి వచ్చింది. పుంజు ఠక్కున నేలకు అతుక్కుపోయింది, డేగ వచ్చిందని. నీడ దాటింది. లేచి మళ్ళీ మెడ ఉబ్బించింది. మళ్ళీ నీడ. మళ్ళీ నేలకు. దాని ఆట చూడ్డానికి చుట్టుపక్కల ఒక్క పెట్ట లేదు.

పిట్టలక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జాలితో కాదు, కోపంతో. వైరు పట్టుకుని లాగి పారేసింది. కూతలు ఆగిపోయాయి. పుంజు బెదిరి గడ్డిలోకి పరుగెత్తింది. బయలంతా గాలిమరల చప్పుడు తప్ప మరేం మిగల్లేదు.

ప్రొఫెసరు గారు రొప్పుతూ వచ్చారు. "పుంజు! పరిగెత్తింది చూశావా? అయితే ఉన్నట్టేగా. కూతలు తీసేద్దాం, కనబడిందని రాద్దాం. అది అబద్ధం కాదుగా."

"సార్, దాని బతుకు చూశారా మీరు? దాన్ని చూపించి వాగవతలి బయలు రాసిచ్చేస్తారా? సిగ్గుండాలి!"

"గొంతు తగ్గించు" అన్నారాయన, చుట్టూ చూసి. ఆయనెప్పుడూ అంతే, గోడమీద పిల్లి. ఎటు దూకాలో కంపెనీ మొహం చూసి గాని తేల్చుకోరు.

టై సారు మాత్రం తొణకలేదు. "పిట్టల్ని తిరిగి పిలవడానికి పెట్టాం మేడం. రమ్మని పిలవడం కూడా తప్పేనా?"

"సర్వే రోజునా పిలిచేది? టార్పాలిను కింద దాచిపెట్టా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు?"

గాలిమర తలుపు తెరుచుకుని తమ్ముడు బయటికొచ్చాడు. నడుముకు పనిముట్ల బెల్టు. అక్కను చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పుడు పెట్టావురా?"

"నిన్న..."

"ఎవరు పెట్టమన్నారు?"

వాడు టై సారు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. చాలు, అర్థమైంది. "ఇదిగో, మధ్యాహ్నం హాల్లో ఈ మాట చెప్పాలి నువ్వు. చెప్తావా?"

"అక్కా, నీ మరదలు నెల తప్పింది. ఇప్పుడు ఉద్యోగం పోతే..."

ఆ శుభవార్త ఆమె వినడం అదే మొదటిసారి. వేరే రోజయితే ఎగిరి గంతేసేది. ఇప్పుడు వాడి మొహం చూడలేక గిరుక్కున తిరిగి గుడారం వైపు నడిచింది.

మధ్యాహ్నానికి టౌను హాలు నిండిపోయింది. వేదిక మీద విచారణాధికారిణి, నెరిసిన జుట్టు, గట్టి మనిషి. ముందు వరుసలో కంపెనీ వాళ్ళు, వెనక వాళ్ళ కూలీలూ మెకానిక్కులూ, అందరికీ ఒకే రంగు చొక్కాలు. వాళ్ళ మధ్యలో తమ్ముడు. టై సారు లేచి మొదలుపెట్టాడు. ఒక్క పిట్ట కూడా చావలేదన్నాడు. ఈ ఉదయం కూడా కూతలు విన్నామన్నాడు, పుంజును కళ్ళారా చూశామన్నాడు. ప్రొఫెసరు గారు లేచి, కూతల విషయంలో కాస్త సందేహం ఉందిగానీ పుంజు మాట నిజమేనని నసిగి కూర్చున్నారు.

పిట్టలక్క లేచింది. గుడారంలో ఉన్నంతసేపూ తన ఫోనులో రికార్డు చేసింది కదా, అది మైకు దగ్గర పెట్టి వినిపించింది. గుబ్ గుబ్ కూతలు, తుమ్ము, "ముక్కు మూసుకోరా దున్నపోతా!" హాలు గొల్లుమంది. ఆమె నవ్వలేదు. స్పీకరు సంగతి, వైరు సంగతి, ముసలి పుంజు సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. పెట్టలన్నీ ఎక్కడున్నాయో చెప్పింది.

టై సారు చిరునవ్వుతో లేచాడు. "అమ్మా, ఒక్క మాట. రికార్డింగు మేడందే. గొంతు మేడందే. మేడంకు మా గాలిమరలంటే మొదటినుంచీ పడదు. మరి ఆ స్పీకరు పెట్టింది కూడా మేడమే కాదని ఏమిటి?"

ఓరి దుర్మార్గుడా! హాల్లో గుసగుసలు లేచాయి. ప్రొఫెసరు గారు నేల చూపులు చూస్తున్నారు.

అధికారిణి కళ్ళజోడు తీసింది. "స్పీకరు ఎవరు పెట్టారో తెలిసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి. సాక్ష్యం లేకుండా సర్వేను పక్కన పెట్టడం నావల్ల కాదు."

ఎవరూ కదల్లేదు. పిట్టలక్క తమ్ముడి వైపు చూసింది. వాడు తల వంచుకుని చొక్కా గుండీ నలుపుతున్నాడు. వాడి ఉద్యోగం, కడుపుతో ఉన్న మరదలు, వాగవతలి బయల్లో గుడ్లమీద కూర్చున్న పెట్టలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. వాడంతట వాడు లేస్తాడని చూసింది. అధికారిణి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోబోయింది.

"వాడేనండి. నా తమ్ముడు." హాలంతా వినబడేలా అంది పిట్టలక్క. "లేవరా!"

చొక్కాలన్నీ అటు తిరిగాయి. తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అవునండి, నేనే పెట్టాను. సారు పెట్టమన్నారు. అక్కకు తెలియదు. అక్క ఇంటికి వెళ్ళినప్పుడు తన కంప్యూటర్లోంచి ఎక్కించుకున్నాను." టై సారు చేతులు ఊపుతూ ఏదో అనబోతే అధికారిణి వేలెత్తి కూర్చోబెట్టింది.

"పెట్టింది ఈ ఒక్కసారేనా?" అని అడిగింది ఆమె.

వాడు అక్క వైపు చూశాడు.

"పోయినేడాది కూడా నేనేనండి. అప్పుడు తుమ్మూ తిట్టూ కోసేసి ఎక్కించాను. ఆ మెమరీ కార్డు పాడైపోయింది. ఈసారి తొందరలో మొత్తం ఎక్కించేశాను. వినలేదు. పొద్దెక్కేదాకా గుడారంలోంచి ఎవరూ బయటికి రారు, అక్క రానివ్వదు, అది నాకు తెలుసు కదండీ..."

పిట్టలక్క కుర్చీ పట్టుకుంది. పోయినేడాది సర్వే అయిన సాయంత్రం వాడికే మొదట ఫోను చేసింది. "పిట్టలు పోలేదురా తమ్ముడూ, ఉన్నాయిరా!" అని సంతోషంతో ఏడ్చింది. "మంచిదే కదక్కా" అన్నాడు వాడు. ఎంత మెత్తగా అన్నాడు!

"పోయినేడాది రిపోర్టు ఎవరిది?" అడిగింది అధికారిణి.

టై సారుకు ప్రాణం లేచి వచ్చింది. "మేడందేనండి! సంతకం కూడా ఉంది!"

"నాదేనండి." పిట్టలక్క గొంతు తగ్గించలేదు. "తప్పుడు రిపోర్టు. లేని పిట్టల్ని ఉన్నాయని రాశాను. రెండో వరుస గాలిమరలు దానిమీదే లేచాయి. రాసినదాన్ని నేనే చెప్తున్నాను, ఆ రిపోర్టునూ, ఈ పొద్దుటి సర్వేనూ, రెంటినీ కొట్టేయండి!"

హాల్లో గోల మొదలైంది. తమ్ముడు "అక్కా" అంటూ కూలబడబోయాడు.

"కూర్చోకు" అంది. "మొదటినుంచీ చెప్పు. ఎవరు పిలిచారో, ఏమన్నారో, అన్నీ చెప్పు. నేను వింటున్నాను."