రైలు పడితే వెళ్దువుగాని

పదకొండో అట్టు పెనం మీద ఉంది. మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చిన ఉపేంద్ర నా నోట్లో ఓ ముక్క పెట్టి పారిపోయాడు. పెళ్ళయి రెండు నెలలు. నాకింకా సిగ్గూ నవ్వూ కలిసే వస్తున్నాయి. ఈ ఇంట్లో నన్ను పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు. మామయ్యగారైతే పేపరు ముందు నాకే ఇస్తారు. విజయవాడ కాలేజీలో నా లెక్చరర్ ఉద్యోగం ఊసెత్తినప్పుడు కూడా అంతే ప్రేమగా, "ఆ బస్సుల్లో ఏం నలుగుతావమ్మా? మన జగ్గయ్యపేటకి రైలు పడితే వెళ్దువుగాని" అంటారు. మా ఊరి పట్టాల మీద తిరిగేది సిమెంటు గూడ్సు ఒక్కటే. కాలేజీవాళ్ళిచ్చిన సెలవు ఈ ఆదివారంతో ఆఖరు.

ఆ ఉదయం రైలే మా గుమ్మంలోకి వచ్చింది, ఫారం రూపంలో. విజయవాడకి ప్యాసింజరు వేయాలో వద్దో తేల్చడానికి ఇంటింటి సర్వే అట. జాయిస్ అనే అమ్మాయి వరండాలో కూర్చుని అడుగుతోంది.

"రోజూ ఊరు దాటి వెళ్ళేవాళ్ళు ఎంతమందండీ?"

"ఒక్కడే. మావాడు, నందిగామ బ్యాంకుకి," అన్నారు మామయ్య.

నా గరిటె ఆగింది. "మరి నేనో మామయ్యా?"

"నిన్ను మర్చిపోతానా తల్లీ! రైలొస్తే మా అపూర్వ కూడా వెళ్తుందని రాసుకోమ్మా."

"అలా రాయకూడదండీ," జాయిస్ నొచ్చుకుంది. "ఇప్పుడు తిరిగేవాళ్ళనే లెక్కేస్తాం. జనం చాలకపోతే రైలు వెయ్యరు. పొద్దుట్నుంచీ ప్రతి ఇంట్లో ఇదే మాట. రైలొస్తే మా కోడలు వెళ్తుంది, మా అమ్మాయి చదువుతుంది..."

అత్తయ్య పకపకా నవ్వింది. "పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్నట్టుంది!"

నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే ఈ వీధిలోని వంటిళ్ళన్నీ తలుచుకున్నాను. మమ్మల్నెవరూ వద్దనలేదు. ముందు రైలు రానీ అన్నారు, అంతే. మేమేమో అట్లు తిప్పుతూ కూర్చున్నాం.

పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాను. ఉపేంద్ర నా మొహం చూసి కనిపెట్టేశాడు. "ఏడింటి బస్సేగా? కిటికీ పక్కన రుమాలేసి సీటాపుతాలే!"

మామయ్య కళ్ళజోడు తీశారు. "మరి అట్లో?"

"ఇందాక మీరు చెప్పిన లెక్కలకంటే అట్లు పోయడం కష్టమా ఏంటండీ?" అంది అత్తయ్య.

జాయిస్ కలం పట్టుకుని నా వైపు చూసింది. "ఏం రాయమంటారండీ?"

"ఇవాళ ఏం రాయొద్దు. సోమవారం మళ్ళీ రండి. నేను ఇంట్లో ఉండను, అత్తయ్య రాయిస్తారు."