సమరయ స్త్రీ ఆదివారం

పెద్ద ఉపవాసకాలంలో నాలుగో ఆదివారం వచ్చిందంటే చర్చి గురువు అబూనా అర్సానియూస్‌కు ప్రసంగం తయారుచేసే బాధే ఉండేది కాదు. ఆ రోజు సువార్తలో, యేసు బావి దగ్గర నీళ్ళడిగిన, ఐదుగురు భర్తలుండిన సమరయ స్త్రీ కథే చదవాలి. ఈజిప్టులో మిన్యా పక్కనున్న ఆ ఊళ్ళో ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన అదే పాత నోటుబుక్కు తీసి, దుమ్ము దులిపి, చదివేస్తున్నాడు.

శనివారం మధ్యాహ్నం నస్రీ వచ్చి చర్చి ఆఫీసులో చతికిలబడ్డాడు. సంఘంలో పెద్దమనిషి. వాడి తమ్ముడు పెళ్ళాన్ని చెవి వినపడకుండా పోయేలా కొట్టాడు. ఆ పిల్ల, ఫెబ్రోనియా, పుట్టింటికి చేరి నెలయింది. నస్రీ పుచ్చగింజలు కొరికి పొట్టు నేలమీదికే ఉమ్ముతూ వచ్చిన పని చెప్పాడు.

"రేపు ఆ ఐదుగురు మొగుళ్ళ సంగతి కాస్త గట్టిగా దట్టించండి అబూనా. పేరెత్తక్కర్లేదు. మా మరదలు ముందు బెంచీలోనే కూర్చుంటుంది, దానికే తగుల్తుంది. సాయంత్రానికల్లా నోరు మూసుకుని మా ఇంటికొచ్చి పడుంటుంది."

మరి దెబ్బల సంగతేమిటని అబూనా అడిగాడు. మొగుడన్నాక ఓ దెబ్బ వేస్తాడని నస్రీ నవ్వాడు.

"ఊరంతా దాన్ని సమరయదానా అనే పిలుస్తున్నారు. మీరు నేర్పిన మాటేగా."

వాడు పోయాక అబూనాకు ఆ నేలంతా కడిగించాలనిపించింది. నోటుబుక్కు తెరిచాడు. తన అక్షరాలే. చెడిపోయిన ఆడది, పాపిష్ఠిది, ఐదుగురిని మింగి ఆరోవాడి పంచన చేరింది. పక్కనే సువార్త పెట్టుకుని, ఆ మాటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతికాడు.

యేసు దాహమన్నాడు. ఆమె భర్తల లెక్క చెప్పాడు. నువ్వన్నది నిజమేనన్నాడు. అంతే. పాపమని గాని, పశ్చాత్తాపపడమని గాని ఒక్క ముక్క అనలేదు. ఆ ఐదుగురూ చచ్చిపోయారో, విడాకుల చీటీ రాసిచ్చి ఆమెనే గెంటేశారో, అదీ అందులో లేదు. మూడుసార్లు చదివాడు. లేని మాటను చేర్చింది తనే.

నస్రీ మీద పుట్టిన రోత కాస్తా తనమీదికే తిరిగింది. చర్చి గుమ్మంలోనే ఆడవాళ్ళు ఫెబ్రోనియాను ఆ మాట అంటుంటే విననట్టు నడిచిపోయిన రోజు గుర్తొచ్చింది. పేజీలన్నీ చింపి చెత్తబుట్టలో వేశాడు. రేపు ఆ పిల్ల ముందే నిజం చెప్పాలనుకున్నాడు.

ఆదివారం కాగితం లేకుండా నిలబడ్డాడు.

"ఈ కథలో ఆమెను పాపాత్మురాలని ఎవరూ అనలేదు. నేనన్నాను. పంతొమ్మిదేళ్ళు మీకు అబద్ధం చెప్పాను. ఆ మాటతో ఎవరినైనా తిట్టారంటే, ఆ తిట్టు నా నోట్లోంచి వచ్చిందే."

మగవాళ్ళ వైపు దగ్గులు మొదలయ్యాయి. నస్రీ మొహం కందగడ్డలా అయింది. ఆడవాళ్ళ వైపు ముందు బెంచీలో ఫెబ్రోనియా కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆలస్యమై వెనక నిలబడిందేమోనని అబూనా సర్దిచెప్పుకున్నాడు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర రొట్టెముక్కలు పంచుతుంటే, ఫెబ్రోనియా తల్లి ఇన్సాఫ్ ఆయాసపడుతూ వచ్చింది. చెప్పులనిండా పొలంగట్ల బురద. అమ్మాయి ఏదని ఆయన అడిగాడు.

"తెల్లారకముందే బయల్దేరి మొగుడింట్లో దింపొస్తున్నా అబూనా."

"ఎవరు బెదిరించారమ్మా?"

"ఎవరూ లేరు. ఇవాళ ఏ వాక్యమో నాకు తెలీదా? మీరు అందరి ముందూ అనే ఆ మాటలు బిడ్డ కూర్చుని వినాలా? దానికంటే వాడి దెబ్బలే నయమనుకున్నా."

ఆయన ఏదో చెప్పబోయాడు.

"ప్రసంగం అందలేదు నాకు," అంటూ ఆమె రొట్టె కోసం చెయ్యి చాపింది. "ఎప్పుడూ చెప్పేదేగా."