రెండు చొక్కాలు

దేవుడి ముందు చొక్కా ఎందుకు విప్పాలన్న సందేహం నాగన్నకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. మనసు విప్పమంటే అర్థముంది గానీ, ఈ పక్కటెముకలు చూసి ఆంజనేయస్వామికి ఒరిగేదేమిటి? ఒకసారి పూజారిని అడిగితే, "పెద్దలు పెట్టింది" అని హారతి పళ్లెం ముందుకు చాచాడు. నాగన్న కళ్లకద్దుకుని ఊరుకున్నాడు. సందేహం మాత్రం పోలేదు.

శింగనమల దగ్గరి ఆ ఊళ్లో స్వామి పల్లకి మోయడానికి ఒక్కో ఇంటికి ఒక్కో చోటు. నడుముకు పంచె తప్ప ఒంటి మీద ఏమీ ఉండకూడదు. ఇంట్లో మగమనిషి ఉండీ రాకపోతే ఆ చోట ఇంకొకరు భుజం పెట్టరు. పల్లకి ఆ వైపు వంగి పోతుంటే ఊరంతా చూస్తుంది. ఈ ఏడు శెనక్కాయ మూటతో జారిపడి నాగన్న కుడిభుజం లేవడం లేదు. ఇంటర్ చదివే కొడుకు తిప్పేష్ వెళ్లాలి.

"నేను రాను నాయనా," అన్నాడు తిప్పేష్.

"ఏమప్పా, బరువా?"

"బరువు కాదు. చొక్కా ఇప్పాల. అందరూ సెల్లులో తీస్తారు. ఇప్పటికే కాలేజీలో నన్ను బక్కోడు, సజ్జదంటు అంటాండారు."

ఎండాకాలమంతా వాడు ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు వేసుకుని తిరిగాడు, కాస్త లావు కనపడాలని. ఉతికే తల్లి గంగాదేవికి తెలుసు, ఆమె చెప్పగా నాగన్నకూ. మెడ నిండా చెమటకాయలు. స్నేహితులతో మోటారు కింద నీళ్లు పోసుకోవడం కూడా మానేశాడు.

నాగన్న కొడుకు సెల్లు అడిగి చూశాడు. అన్నీ ఛాతీలూ చేతి కండలూ, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

"వీళ్లు ఏం పని చేస్తారప్పా?"

"ఇదే పని నాయనా."

"మూటలు మోస్తారా?"

"వాళ్లెందుకు మోస్తారు?"

నాగన్న తన చేతుల వంక చూసుకున్నాడు. ఇన్నేళ్లు మూటలు మోసినా ఆ కండలు రాలేదు. మరో బొమ్మలో ఆంజనేయస్వామికి కూడా పొట్ట పలకలు పలకలుగా ఉంది.

"గుళ్లో స్వామికి ఇట్లా లేదే."

"ఆడుండేది పాత రాయి నాయనా," అని తిప్పేష్ సెల్లు తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు గదుల ఇంట్లో ముగ్గురూ ఎవరికి వారే అయిపోయారు.

మర్నాడు అన్నం పెడుతూ గంగాదేవి అంది. "వాన్ననేదెందుకు? వాడు ఏడో నెలలో పుట్టినప్పుడు స్వామికి టెంకాయ మొక్కుకొనింటివి. బిడ్డకు కండ పడితే కొడతానంటివి. కొట్టినావా?"

"కండ యాడ పడిం..."

ముద్ద నాగన్న చేతిలోనే ఉండిపోయింది.

పల్లకి రోజు పొద్దున నాగన్న కొడుకు మంచం అంచున కూర్చున్నాడు. "చొక్కాతోనే రా. రెండూ ఉండనీ."

"ఒప్పుకుంటారా?"

"నేను అడుగుతా." పంచె తీసి కొడుకు పక్కన పెట్టాడు. "నీకు కండ రాలేదని నేను గూడా చూస్తాంటిరా. ఆ సెల్లు రాకముందు నుంచే."

తిప్పేష్ లేచి పంచె కట్టుకున్నాడు.

గుడి దగ్గర ముందుకొయ్య పట్టే ఓబన్న నవ్వాడు. "ఏమిరా తిప్పేషా, చలి పెడతాందా? కంబళి తెచ్చేదా?"

"వాడు రాకుంటే చోటు ఖాళీ అన్నా," అన్నాడు నాగన్న. "స్వామికి కావాల్సింది భుజం. వచ్చినాడు. నీకు అడ్డమైతే చెప్పు."

ఓబన్న పూజారి వైపు చూశాడు. పూజారి పల్లకిలో పూలు సర్దుతూ తలెత్తలేదు. ఓబన్న గొణుక్కుంటూ కొయ్య కింద భుజం పెట్టాడు. పల్లకి వంగకుండా లేచింది. ఎవరో పిల్లలు సెల్లులు ఎత్తారు. తిప్పేష్ తల వంచుకునే నడిచాడు, తండ్రి వైపు ఒక్కసారీ చూడలేదు. తప్పెట్ల చప్పుడు వీధి మలుపు తిరిగిపోయింది.

ఖాళీ గుళ్లో నాగన్న ఒక్కడే మిగిలాడు. తువ్వాలులోంచి టెంకాయ తీశాడు. ఎడమచేతి దెబ్బ సరిగా పడక అది జారి దొర్లింది. వంగి తెచ్చుకుని మళ్లీ కొట్టాడు. పగిలింది.

"బిడ్డ బక్కగానే ఉండాడు స్వామీ," అన్నాడు. "ఇది నేను నీకు పడిన బాకీ."

రెండు చిప్పలూ గడప మీద పెట్టాడు.