అరార్ నుంచి షరూరా: రెండున్నర గంటలు

"రెండున్నర గంటలేనట ఎంకటీ! మా బిడ్డ అక్షిత ఫోన్ల జూసింది. జల్ది ఇమానం ఎక్కురా!" జగిత్యాల దగ్గరి రాయికల్ నుంచి భూదేవి ఏడుస్తూ చెప్పింది.

సౌదీకి ఉత్తరపు కొసన అరార్. అక్కడి గొర్రెల కొట్టంలో ఉన్నాడు వెంకటి. దక్షిణపు కొసన షరూరా. అక్కడి ఆసుపత్రిలో పడివున్నాడు అతని అన్న హన్మండ్లు, భూదేవి భర్త. గోడ కూలి కడుపులో దెబ్బ తగిలింది. ఆపరేషన్‌కు చాలా అరుదైన బాంబే గ్రూప్ రక్తమే కావాలి. దగ్గరలో ఎక్కడా లేదు. అన్నదమ్ములిద్దరిదీ అదే రక్తమని జగిత్యాలలోనే ఒకసారి తేలింది.

అక్షిత లెక్క తప్పు కాదు. గాలిలో గీత గీస్తే పదహారు వందల కిలోమీటర్లు. కానీ ఆ గీత మీద ఎగిరే విమానమే లేదు. రియాద్‌లో దిగి మారాలి. ఏది ఎక్కాలన్నా నివాస కార్డు చూపాలి. వెంకటి ఖల్లివల్లి. యజమాని నుంచి పారిపోయి, చెల్లని కార్డుతో ఏళ్లుగా దాక్కుంటున్నవాడు. దొరికితే జైలే.

"వస్తున్న వదినె," అన్నాడు.

ఒక్క ఫోన్‌తో కొడిమ్యాల ఊరి డ్రైవర్ బాలయ్య గొర్రెల లారీ తెచ్చి నిలిపాడు.

"నడుమల పండుకో. పోలీసోడు లైటు గొడితే మే అను."

"నాకు రాదు బాలన్నా."

"గిన్నేండ్లు గొర్లు గాసినవ్, గదన్న నేర్వలేదా?"

చెక్‌పోస్టులో టార్చి వెలుగు గొర్రెల మీదుగా పాకింది. ఒక పొట్టేలు వెంకటి ఛాతీ మీద కాలు మోపింది. పళ్లు బిగించి పడుకున్నాడు. లారీ కదిలింది.

రియాద్ శివార్లలో కోరుట్ల మల్లన్న సిమెంటు ట్రైలర్ ఇంజిన్ ఆపకుండా ఎదురుచూస్తోంది. అది వెళ్లగలిగినంత దూరం వెళ్లింది. అక్కడికి సిరిసిల్ల చందు నీళ్ల ట్యాంకర్‌తో ఎదురొచ్చాడు. విమానం లేని దారిని ముగ్గురు డ్రైవర్లు ఎడారి మీద పరిచారు.

మర్నాడు షరూరా ఆసుపత్రిలో నర్సు చెయ్యి చాపింది. "కార్డు?"

కార్డు లేనిదే రక్తం తీసుకోరు. తన కార్డు చూపితే పోలీసులొస్తారు.

చందు చెవిలో గొణిగాడు. "అన్నా, నా కార్డు వెట్టు. ఫొటో ఎవడు జూస్తడు?"

"జూస్తే నువ్వు గూడ లోపలికే. పిచ్చోడా, నీ బండి ఎవడు నడుపుతడు?"

వెంకటి తన కార్డే బల్ల మీద పెట్టాడు. నర్సు తెర చూసింది. అతన్ని చూసింది. ఫోన్ అందుకుంది.

"పోలీసుకే చెప్పు తల్లీ. ముందుగాల సూది గుచ్చు," అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆ సాయంత్రం రాయికల్‌లో ఫోన్ మోగింది.

"అక్కా, చందును. ఆపరేషన్ అయింది. బావ కండ్లు దెరిచిండు."

భూదేవి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. "మా ఎంకటేడిరా?"

"పోలీసు బండిల. ఒక చేత్తోని దూది పట్టుకున్నడు. రెండో చెయ్యి ఊపుకుంటనే పోయిండు."