నీలం అద్దం, తెల్ల దీపం

“కళ్ళున్నయా మీకు? నేల మీద పడాల్సిన వెలుగును ఆకాశం మీద కుమ్మరించి, దాన్ని అభివృద్ధి అంటరా?”

డాబా మీద నుంచి బజారు దీపానికి వేలు చూపిస్తూ ప్రవీణ అరిచిన అరుపు ఆ దీపం పెట్టిన ఠేకేదారు, అదే కంట్రాక్టరు భానుప్రసాద్‌కి, అతనికి ఆ పని అప్పజెప్పినవాళ్ళకి. వాళ్ళెవరూ అక్కడ లేరు. ఉన్నది ఆమె మొగుడు ఉమామహేశ్. తిట్లన్నీ అతని వీపు మీదే పడ్డాయి. పడాల్సిందే.

ప్రవీణ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. చిన్న టెలిస్కోపు, దానికో కెమెరా. కృత్తికల గుంపును పసుపు ఫిల్టర్ అద్దంలోంచి ఒకసారి, నీలం ఫిల్టర్‌లోంచి ఒకసారి ఫొటో తీసి పోల్చాలి. నీలంలో ఎక్కువ మెరిసిన చుక్క మహా వేడిది. చుక్కలన్నీ కలిపి చూస్తే గుంపు వయసూ తెలుస్తుంది. పసుపువి పాత బజారు దీపం ఉన్నప్పుడే, కరెంటు పోయి అది ఆరిన సాయంత్రాల్లో కానిచ్చేసింది. నీలానివి మిగిలాయి. ఎండలు ముదిరితే కృత్తికలు పడమట దిగిపోతాయి, మళ్ళీ చలికాలం దాకా చిక్కవు.

మొదట్లో ఉమామహేశ్‌కి ఇదంతా పిచ్చిగా తోచింది. ఆమె ఒకనాడు అతని బట్టల కొట్లోకి వచ్చి, “చీర రంగు చూపియ్యాలంటే గిరాకీని వాకిట్లకు తీస్కపోతవ్ గదా? దీపం కింద రంగు అబద్ధమాడుతదని. నా చుక్కల సంగతీ అంతే” అంది. అంతే, బుర్రకెక్కింది.

“పాత దీపముంటే బాధ లేకపాయె” అంది ప్రవీణ ఇప్పుడు. “అంతా పసుపే, నీలం అద్దం దాన్ని గడప బయటనే ఆపేది. ఈ తెల్లదాంట్ల నీలం నిండ ఉన్నది. సక్కగ నా అద్దంలకే దూరుతున్నది. ఫొటో అంతా పాలు ఒలికినట్టు! కరెంటు పోయినా ఆరదు, సోలార్‌దంట. ఏ పెద్దమనిషి అడిగిండో దీన్ని!”

“నేనే” అన్నాడు ఉమామహేశ్.

“ఏందీ?”

“పసుపు దీపం కింద ఎర్రచీర మట్టిరంగు కొడుతుండె. సంతకొచ్చిన లక్కే అనే గిరాకామె ‘ఏంది సేఠ్, పాత చీర అంటగడుతున్నవా’ అని నలుగుర్ల పరువు తీసింది. భానుప్రసాద్ ఎంట పడి తెల్లది ఏపిచ్చిన.”

ప్రవీణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని అతను దగ్గరికి పోయాడు. నవ్వుతోంది.

“చీరల రంగు నిలబెట్టి, నా చుక్కల రంగు ముంచినవా మహానుభావా!”

“కొట్ల నల్ల లైనింగు బట్ట తాను ఉన్నది. స్తంభమెక్కి దీపానికి చుట్టేస్తా.”

“షాకు కొట్టి సస్తవ్, కూసో. రేకు టోపీ పెడితే చాలు. వెలుగు కిందికే పడుతది. నీ చీరలకు వెలుగు, నా చుక్కలకు చీకటి.”

తెల్లారి భానుప్రసాద్ చాయ్ తాగుతుంటే ఉమామహేశ్ ఎదురుగా నిలబడి, దీపానికి టోపీ పెట్టమన్నాడు.

“తెల్లది కావాల్నని పానం తీసింది నువ్వే గదా సేఠ్?”

“నా కొట్టు ముందట ఎయ్యమన్న. ఆకాశానికి ఎయ్యమన్ననా? తప్పు నాది, టోపీ లేకుండ పెట్టుడు నీది. ఆ గ్లాసు దించు, నిచ్చెన తే. టోపీ బిగించు. కొట్లు మూసినంక ఆర్పు. ఇయ్యాళనే. మా ఆమె చుక్కలు నీ కోసం ఆగయి.”