ఒక్కమనిషి మబ్బు

తెల్లారకముందే రెండు సంగటి ముద్దలు గుడ్డలో మూటగట్టుకొని, అత్త ముందు, కోడలు వెనక రోడ్డు పనికి పోవడం ఆ కరువేడు ఆ ఇంటి అలవాటు. యాభై రెండో సంవత్సరం ఎండాకాలం. రాయదుర్గం పక్కన ఒక మెట్ట ఊరు. కరువు పని అంటే మరేం లేదు. వానలు లేక చేలు బీడు పడినప్పుడు సర్కారు రోడ్డు వేయిస్తుంది. ఊరివాళ్ళు రాళ్ళను సుత్తెతో కొట్టి కంకర చేసి కుప్పలు పోస్తారు. కుప్పను బట్టి కూలి.

అత్త పేరు నల్లమ్మ, కోడలు పేరు తిప్పమ్మ. తిప్పమ్మ మొగుడు ఎర్రప్ప తుంగభద్ర డ్యాము పనికి పోయి ఇంకా రాలేదు. తిప్పమ్మ నడుస్తుంటే తాటిచెట్టంత ఎత్తున నులకమంచమంత మబ్బు ఒకటి ఆమెతోబాటే నడిచేది. ఆమె నిలబడితే నిలబడేది.

మబ్బు ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. తిప్పమ్మ యేసుప్రభువును నమ్ముకొని రెండేళ్ళు దాటింది కానీ బాప్తిస్మం కాలేదు. ఆ సంఘంలో నీళ్ళు తలమీద చిలకరిస్తే చాలదు. మనిషిని నిలువునా ముంచి లేపాలి, పాతమనిషి పోయి కొత్తమనిషి లేచినట్టు. ఊరి చెరువు చూస్తే నెర్రెలు బారి మేకలు తిరుగుతున్నాయి. "వానలు పడనీ తల్లీ" అని పాస్టరు యేసన్న వచ్చినప్పుడల్లా అదే మాట. బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభువు బల్లలో, గుడిలో విశ్వాసులు పంచుకునే రొట్టెలో, వంతు లేదు. ఇటు ఊరి జాతరకూ ఆమెకు పిలుపు లేదు. ఏ ఇంటికీ కాని చుట్టమైపోయింది. ఉగాది ముందర ఒకనాడు బీడుచేలో మోకాళ్ళూని, "ప్రభువా, నన్ను ముంచేటన్ని నీళ్ళన్నా ఇయ్యి" అని ఏడ్చింది. లేచి చూస్తే నెత్తిన మబ్బు.

ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. పని మేస్త్రి ఇమాంసాబ్ మాత్రం, "తిప్పమ్మా, నీ మబ్బును ఆ కొసకు తోలుకొని పోమ్మా, ముసలోళ్ళు ఆడుండారు" అనేవాడు. బాలింతలు బిడ్డలను తెచ్చి ఆమె పక్కనే పడుకోబెట్టేవాళ్ళు. నల్లమ్మ నోరే ఊరుకునేది కాదు.

"నీళ్ళడిగితే నీడ ఇచ్చినాడంట! నీ దేవునికి చెవుడుండాదేమో అడుగుమే."

ఎండలు ముదిరేకొద్దీ మబ్బు నలుపెక్కింది. సైకిలు మీద వచ్చిన యేసన్న తలెత్తి చాలాసేపు చూశాడు. ప్రార్థనగుడి వెనక బాప్తిస్మాలకని విశ్వాసులు ఎప్పుడో తవ్వి, బంకమట్టి మెత్తిన గుంత ఒకటి ఎండిపోయి ఉంది.

"ఇది కురుస్తాదమ్మా. వచ్చే ఆదివారం వస్తా, గుంతలో నిలబడు. ఆ పైన నేను చిలమత్తూరు దిక్కు సంఘాలకు పోవాల. మళ్ళా క్రిస్మస్‌కే వచ్చేది."

ఆ రాత్రి తిప్పమ్మకు కన్ను మూతపడలేదు. కోరిక తీరబోయే ముందు మనిషికి పిసినారితనం పుడుతుంది. నలుగురు కింద కూర్చుంటే మబ్బు అంచు పలచబడుతోందని ఆమెకు తోచింది. నిజమో భ్రమో ఎవరికి తెలుసు? మరునాటినుంచి అందరికీ దూరంగా పోయి ఒంటరిగా కంకర కొట్టసాగింది. బాలింతలు ఆమె దిక్కు చూసి చూసి, చీరకొంగులే బిడ్డలమీద కప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం నల్లమ్మ తూలుకుంటూ వచ్చింది. "తల తిరుగుతాండాది. కాసేపు కూచుంటా, జరుగు."

"వద్దత్తా. ఆదివారం దాకా ఓర్చుకో. ఇది దేవుని పనికి ఎత్తిపెట్టిండేది."

"ఓహో! దేవుని పనికి ముసిల్దాని తల అడ్డమొచ్చెనా?" అని నల్లమ్మ వెనక్కి తిరిగి ఎండలోకే పోయింది.

ఆ సాయంత్రం తిప్పమ్మ మోకాళ్ళమీద కూర్చుంది. ఆకలి కడుపుతో కూడా ఏనాడూ ఆగని ప్రార్థన ఆ పూట రాలేదు. మబ్బు నెత్తిమీదే ఉంది, దేవుడే ఎక్కడో దూరంగా పోయినట్టుంది. పడుకొని, అత్త దగ్గు వింటూ ఉండిపోయింది.

ఆదివారం ఉతికిన తెల్లచీర కట్టుకొని బయలుదేరింది. రోడ్డు పని దగ్గర మనుషులెవరూ లేరు. ఒక కుప్ప పక్కన మాత్రం ఎవరో పడి ఉన్నారు. సోమవారం కొలతకు కుప్ప నిండాలని ఒక్కతే వచ్చిన నల్లమ్మ. చేతిలో సుత్తె అట్లాగే ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పక్కన నీళ్ళ కుండ ఖాళీ.

"అత్తా! ఓ అత్తా!"

పలుకు లేదు. అప్పుడే ప్రార్థనగుడి దగ్గర వేలాడే రైలుపట్టా ముక్క ఠంగుమంది. రమ్మని పిలుపు. తిప్పమ్మ అటు చూసింది. ఆ చూపు ఎంతసేపో ఆమెకే తెలియదు. తర్వాత కంకరలో కూలబడి అత్త తలను ఒళ్ళోకి తీసుకుంది. వట్టి నీడ చాలేట్టు లేదు. ఊపిరి సన్నబడుతోంది.

"ప్రభువా, ఇది నాదని దాచిపెట్టుకొంటి. నాది కాదు. ఈడనే కురిపియ్యి. అంతా కురిపియ్యి."

కడవ బోర్లించినట్టు కురిసింది. ఆ కుప్పమీద, ఆ ఇద్దరి మీద; నాలుగడుగుల అవతల దుమ్ము దుమ్ముగానే ఉంది. చివరి చుక్క దాకా కురిసి, మబ్బు లేకుండా పోయింది.

నల్లమ్మ నోట్లోని నీళ్ళు ఉమ్మి కళ్ళు తెరిచింది. "ఏమ్మే... నీ బాప్తిస్మం నాకిచ్చేస్తాండావా?"

"వడదెబ్బ తగిలె నీకు. మాట్లాడొద్దు."

ముసలామె పైకి చూసింది. ఆకాశం బోసిగా ఉంది.

"అంతా అయిపోయినాదా?"

"అయిపోయినాది."

"మరి నీ గుంత?"

"వానొస్తాదిలే అత్తా" అంది తిప్పమ్మ. ఆ మాటలో ఏడుపు లేకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

కాస్త ఓపిక రాగానే, తనూ వస్తానని నల్లమ్మే పట్టుబట్టింది. ప్రార్థనగుడి వెనక యేసన్న పంచె ఎగగట్టుకొని గుంత గట్టున నిలబడి ఉన్నాడు. తడిసిన ఇద్దరు ఆడవాళ్ళనూ, వట్టి ఆకాశాన్నీ చూశాడు. తిప్పమ్మ జరిగింది చెప్పింది, ముందు నీడ ఇవ్వనన్న సంగతి కూడా.

"క్రిస్మస్‌కే రాండి అయ్యగారూ. అంతదాకా ఉంటా."

ఆయన ఏదో అనబోయేలోగా నల్లమ్మ కోడలి భుజం పట్టుకొని గుంతలోకి తొంగి చూసింది.

"ఏమప్పా అయ్యగారూ, దీన్ని ఒక మనిషికే తవ్వినట్టుండారే. ఇద్దరెట్లా పడతారు?"

యేసన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి లేదు. ఆయన గోడకు ఆనించిన పార తీసుకొని గుంతలోకి దిగాడు. తిప్పమ్మ మట్టి ఎత్తిపోయడానికి గంప అందుకుంది.